హాపర్ మీద సుత్తి సొట్టలు, పైపు చివర నాజిల్ గోల: మీ ప్రశ్నలకి జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నలు చూస్తే దాదాపు అందరిదీ ఒకటే గొడవ. పొడి గానీ గింజ గానీ నీళ్లు గానీ, పోవాల్సిన చోటికి సమానంగా పోవట్లేదు అని. అనకాపల్లి నుంచి భీమిలి దాకా అదే బాధ కాబట్టి మిగతా టాపిక్కులు వచ్చే నెలకి పక్కనపెట్టి ఇవే తీసుకుంటున్నా.

ప్రశ్న: మాస్టారూ, మాది అనకాపల్లి దగ్గర చిన్న ఫీడ్ మిల్లు. తవుడు పోసే హాపర్ (కింద మూతి దగ్గరకి సన్నబడే తొట్టి) రోజూ జామ్ అయిపోతోంది, కుర్రాళ్లు సుత్తితో కొట్టీ కొట్టీ షీటంతా సొట్టలు పడిపోయింది. వైబ్రేటర్ పెట్టించాం, మొదట్లో బాగానే ఉంది గానీ ఇప్పుడు ఇంకా గట్టిగా పట్టేస్తోంది. హాపర్ నాలుగు పలకలది, వాలు 45 డిగ్రీలు అని ఫ్యాబ్రికేటర్ అన్నాడు. కింద స్క్రూ ఫీడర్ (తిరిగే మర రెక్కలతో తవుడుని ముందుకి నెట్టేది) ఉంది. ఏం చెయ్యమంటారు?
(ఫీడ్ మిల్లు యజమాని, అనకాపల్లి)

జవాబు: ముందు ఆ 45 డిగ్రీల సంగతి తేల్చుకుందాం. ఫ్యాబ్రికేటర్ అబద్ధం చెప్పలేదు, గోడ మధ్యలో కొలిస్తే 45 వస్తుంది. కానీ తవుడు పట్టుకునేది గోడ మధ్యలో కాదు కదా, రెండు గోడలు కలిసే మూలలో. నాలుగు పలకల హాపర్లో మూల వెంబడి వాలు ఎప్పుడూ గోడ వాలు కంటే తక్కువే, మీ 45కి మూలలో మిగిలేది సుమారు 35 డిగ్రీలు. గోడలు 60కి లేపినా మూలలో 51 దాటదు. నూనె జిడ్డున్న తవుడు 35 డిగ్రీల మీద జారదు, ఎవరెంత కొట్టినా జారదు.

ఈసారి జామ్ అయినప్పుడు సుత్తి తీసే ముందు టార్చి తీసుకుని పైనుంచి చూడండి. మూతి పైన తవుడు ఆర్చి కట్టి కింద ఖాళీగా ఉంటే ఒక రకం, మధ్యలో నిలువుగా బొక్క పడి చుట్టూ తవుడు గోడల్ని కరుచుకుని కదలకుండా ఉంటే ఇంకో రకం. మీరు రాసిన దాన్నిబట్టి మీది రెండోదే అయ్యుంటుందని నా అనుమానం. దాంట్లో ఇంకో నష్టం ఉంది, రోజూ పోసే కొత్త తవుడు మధ్య బొక్కలోంచి దిగిపోతుంటే గోడల పక్కన ఉన్న పాత తవుడు వారాల తరబడి అక్కడే కూర్చుంటుంది. తవుడు మిల్లు నుంచి వచ్చిన దగ్గర్నుంచే పాడవడం మొదలవుద్ది, అలాంటిది అన్నాళ్లు నిలవుంటే ముక్కిపోయిన వాసన రాకుండా ఎలా ఉంటుంది? మేత బస్తాల్లో అప్పుడప్పుడూ వాసన వస్తోందని కంప్లయింట్లు ఉంటే సప్లయర్ని తిట్టే ముందు ఆ గోడలు గోకి చూడండి.

ఇక సుత్తి. బయట పడ్డ ప్రతి సొట్టా లోపల ఒక బుడిపె. పైనుంచి జారే తవుడు ఆ బుడిపె దగ్గర ఆగుతుంది, ఆగిన చోట మళ్లీ కొడతారు, ఇంకో బుడిపె. వైబ్రేటర్ కథా అంతే, మూతి తెరిచి ఉండి తవుడు దిగుతున్నప్పుడు ఆడిస్తే సాయం చేస్తుంది, మూతి మూసి ఉన్నప్పుడు ఆడిస్తే లోపలున్న దాన్ని ఇంకా దట్టంగా దట్టిస్తుంది. మీ వాళ్లు ఫీడర్ ఆపేసి వైబ్రేటర్ మాత్రం ఆన్‌లో వదిలేస్తున్నారేమో కనుక్కోండి. ఫీడర్ మోటార్ ఆగితే వైబ్రేటర్ కూడా ఆగేలా ఎలక్ట్రీషియన్ చేత కలిపించండి, పెద్ద ఖర్చు కాదు.

మరి అసలు రిపేరు? నన్నడిగితే కింది సగం కోసేసి కొత్తగా చేయించుకోండి. నాలుగు పలకలు కాకుండా గుండ్రటి కోన్ చేయించండి, మూలలే ఉండవు. వాలు 65 నుంచి 70 మధ్య పెట్టించండి, లోపల స్టెయిన్‌లెస్ షీటు, టూబీ (2B) అనే నున్నటి ఫినిష్‌ది, వెల్డింగ్ గీతలు లోపలివైపు గ్రైండ్ చేసి నున్నగా చెయ్యమనండి. ఆ చివరి మాట వంద సార్లు చెప్పాలి ఎందుకంటే బయట కనిపించే వెల్డింగ్‌ని అద్దంలా పాలిష్ చేసి లోపల గరుకుగా వదిలేసేవాళ్లే ఎక్కువ. మూతి సైజు విషయానికొస్తే గింజలకైతే పెద్ద గింజకి కనీసం ఆరు రెట్లు ఉండాలి అని ఒక లెక్క ఉంది, మొక్కజొన్నకి అది పనికొస్తుంది గానీ తవుడు, సోయా పిండి, చేపల పొడి లాంటి వాటికి పనికిరాదు. అక్కడ లెక్క గింజ సైజుది కాదు, పొడి తనకి తాను ఎంత అతుక్కుంటోందన్నది. దాన్ని టెస్టు చేసి వాలు ఎంత, మూతి ఎంత అని తేల్చే పద్ధతి అమెరికాలో యూటా యూనివర్సిటీలో ఆండ్రూ జెనికే అనే ఆయన కట్టాడు, 1964లో వచ్చిన ఆయన బులెటిన్ 123 ఇప్పటికీ ఈ ఫీల్డులో అందరూ తిరగేసేదే. చిన్న మిల్లుకి అంత టెస్టు అక్కర్లేదు గానీ వాట్సాప్‌లో ఫోటో చూసి వాలు చెప్పే కన్సల్టెంటు మాత్రం వద్దు.

స్క్రూ ఫీడర్ కూడా ఒకసారి విప్పి చూడండి. దాని రెక్కల మధ్య దూరం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే అది సరుకుని వెనక చివరి నుంచి మాత్రమే లాగుతుంది. ఎందుకంటే వెనకే గాడులన్నీ నిండిపోతాయి, ముందుకొచ్చేసరికి కొత్త తవుడుకి చోటుండదు. మూతి నాలుగడుగుల పొడవు పెట్టినా దిగేది అడుగు మేరే, మిగతాది చచ్చిన సరుకు. రెక్కల దూరం ముందుకి పోయేకొద్దీ పెరిగేలా కొత్త స్క్రూ చేయించుకుంటే మూతి మొత్తం కదులుతుంది. గాజువాక ఆటోనగర్‌లో చేసేవాళ్లున్నారు, డ్రాయింగ్ మాత్రం మీరే ఇవ్వండి, నోటితో చెప్తే మళ్లీ ఒకే దూరం పెట్టి పంపిస్తారు.

పైగా మనది సముద్రం గాలి. సాయంత్రం మిల్లు ఆపేశాక హాపర్ రేకు చల్లబడుతుంది, లోపల వెచ్చటి పొడిలో ఉన్న చెమ్మ ఆ రేకు మీద పడుతుంది, పొద్దున్నకి గోడ పక్కన పెచ్చు కట్టేస్తుంది. షిఫ్టు చివర హాపర్ ఖాళీ చేసి ఆపడం అలవాటు చేసుకుంటే పొద్దున గొడవ సగం తగ్గుద్ది.

ఇంకొక్కటి, ఇది మీరు అడగలేదు గానీ చెప్పాలి. జామ్ అయిందని కుర్రాడు హాపర్లోకి దిగి కాలితో తొక్కడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆర్చి విరిగితే మనిషి పొడితో పాటు కిందికి పోతాడు, ఛాతీ దాకా కూరుకుపోయాక ఇద్దరు ముగ్గురు కలిసి లాగినా బయటకి రాడు. పై నుంచి పొడవు కర్రతో మాత్రమే కదపాలి, అదీ ఫీడర్ స్విచ్ ఆపి తాళం వేశాక.

ప్రశ్న: మా యూనిట్లో కన్వేయర్ బెల్టు మీద సరుకు కడగడానికి రెండించుల పైపుకి పది రంధ్రాలు పెట్టాం, ఒక్కోటి 16 ఎంఎం. నీళ్లు ఒక చివర నుంచి ఇస్తున్నాం, రెండో చివర మూసేశాం. మామూలుగా చివరికి పోయేసరికి ప్రెషర్ తగ్గాలి కదా, మా దగ్గర రివర్స్! మొదట్లో సన్నగా పడి చివర్లో గట్టిగా కొడుతున్నాయి. పంపు ప్రెషర్ పెంచినా తేడా పోవట్లేదు.
(మెయింటెనెన్స్ సూపర్‌వైజర్, అచ్యుతాపురం)

జవాబు: రివర్స్ ఏం కాదండీ, అలా జరగడమే మామూలు. పైపు మొదట్లో పది రంధ్రాల నీళ్లూ ఒకేసారి పరిగెడుతుంటాయి, వేగం ఎక్కువ. ఒక్కో రంధ్రం దగ్గర కొంచెం కొంచెం బయటకి పోయి చివరికి వచ్చేసరికి వేగం దాదాపు సున్నా. ఆ తగ్గిన వేగమంతా ప్రెషర్‌గా మారుతుంది. పొడుగాటి సన్న పైపైతే రాపిడి ప్రెషర్‌ని తినేసి ఇది కనపడనివ్వదు, మీది పొట్టి పైపు కాబట్టి కనపడుతోంది.

ఇప్పుడు మీ లెక్క చూడండి. 16 ఎంఎం రంధ్రం ఒక్కోటి రెండు చదరపు సెంటీమీటర్లు, పది కలిపితే 20. రెండించుల పైపు అడ్డకోత కూడా దాదాపు అంతే. అంటే పైపుకి, రంధ్రాలకి మధ్య తేడానే లేదు, పంచాల్సిన పైపే ఇంకో రంధ్రంలా పనిచేస్తోంది. రంధ్రాల మొత్తం కంటే పైపు బాగా పెద్దగా ఉంటేనే లోపల నీళ్లు నెమ్మదిగా పోయి అన్ని రంధ్రాల దగ్గరా ఒకే ప్రెషర్ నిలబడుతుంది.

ప్రెషర్ పెంచితే ఎందుకు పోలేదంటే, పంపు గట్టిగా తోసేకొద్దీ రంధ్రాల్లో వేగం పెరుగుతుంది, పైపులో వేగం కూడా అంతే పెరుగుతుంది. రెండూ కలిసే పెరిగాయి కాబట్టి మొదటి దానికీ చివరి దానికీ నిష్పత్తి అక్కడే ఉంటుంది. మీకు మిగిలింది కరెంటు బిల్లు. నాజిల్లోంచి వచ్చే నీళ్లు ప్రెషర్ వర్గమూలంతో పెరుగుతాయి, నీళ్లు రెట్టింపు కావాలంటే ప్రెషర్ నాలుగు రెట్లు చెయ్యాలి, ఇది గుర్తుంటే పంపు మీదకి చెయ్యి అంత తొందరగా పోదు.

అన్నిటికంటే చవకైన పని చెప్తా. నీళ్లు చివర నుంచి కాకుండా పైపు మధ్యలో టీ పెట్టి ఇవ్వండి. అప్పుడు ఒక్కో పక్కకి సగం నీళ్లే పోతాయి, పైపులో వేగం సగం, దాని వల్ల వచ్చే ప్రెషర్ తేడా నాలుగో వంతుకి పడిపోద్ది. అదీ చాలకపోతే పైపు నాలుగించులది వెయ్యండి, అడ్డకోత నాలుగు రెట్లు అవుతుంది. రంధ్రాలు చిన్నవి చేస్తే కూడా సమానం అవుద్ది గానీ మొత్తం నీళ్లు తగ్గిపోతాయి, అంతే నీళ్లు కావాలంటే అప్పుడు నిజంగానే పెద్ద పంపు కావాలి, కాబట్టి అది చివరాఖరికి. మూసేసిన చివర బిరడా బదులు చిన్న బాల్ వాల్వు పెట్టుకోండి, చెత్తంతా పోయి చేరేది అక్కడే, వారానికోసారి తెరిచి వదిలేస్తే చివరి రంధ్రాలు మూసుకుపోవు.

మార్చే ముందు, మార్చాక, ఒక్కో రంధ్రం కింద బకెట్ పెట్టి ఫోన్లో అర నిమిషం టైమర్ పెట్టి కొలిచి గోడ మీద చాక్‌పీస్‌తో రాసుకోండి. కంటికి గట్టిగా కొడుతున్నట్టు కనిపించేది ఎక్కువ నీళ్లు ఇస్తోందని గ్యారంటీ లేదు.

ఇదంతా నీళ్లలాంటి పల్చటి వాటి సంగతి. బెల్లపు మడ్డి లాంటి చిక్కటిది స్ప్రే చేసేవాళ్లకి కథ మారిపోద్ది, అక్కడ రాపిడిదే రాజ్యం, చివరి నాజిల్‌కి తక్కువే వస్తుంది, అదీ పొద్దున చల్లగా ఉన్నప్పుడు మరీ తక్కువ. వాళ్లు పైపు మార్చేముందు మడ్డిని వేడి చేసి చూసుకోవాలి.

ప్రశ్న: సార్, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. నీళ్ల ట్యాంకు నిండుగా ఉంటే కుళాయి గట్టిగా వస్తుంది, తగ్గేకొద్దీ సన్నబడుతుంది. కానీ సిమెంటు ప్లాంటు విజిట్‌కి వెళ్తే సైలో (పొడి నిల్వ చేసే ఎత్తైన గొట్టంలాంటి కట్టడం) నిండుగా ఉన్నా సగం ఉన్నా ఒకే స్పీడ్‌తో దిగుతుందన్నారు. ఎందుకు?
(విద్యార్థిని, మధురవాడ)

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. నీళ్లకి గోడ మీద ఆనుకోవడం రాదు, పైనున్న బరువంతా కిందికే దింపుతాయి. గింజలు అలా కాదు, పక్కకి తోస్తాయి, ఆ తోపుతో గోడకి రాపిడి పుట్టి బరువులో పెద్ద వాటా గోడే మోస్తుంది. కొంత ఎత్తు దాటాక నువ్వు పైన ఎంత పోసినా అడుగున ప్రెషర్ దాదాపు పెరగదు. ఇది జర్మనీలో జాన్సెన్ అనే ఇంజనీరు 1895లోనే లెక్క కట్టి చూపించాడు, ఇప్పటికీ సైలో డిజైన్ మొదటి పాఠం అదే. మూతి దగ్గర గింజకి తన పైన ఎన్ని టన్నులున్నాయో తెలియదు, మూతి పక్కన చిన్న జాగాలో ఏముందో అంతే తెలుసు, అందుకే స్పీడు మారదు.

ఇంట్లోనే చూడొచ్చు. ఖాళీ వాటర్ బాటిల్ అడుగు కోసి తలకిందులుగా పట్టుకో, మూతకి ఒక సెంటీమీటర్ రంధ్రం చెయ్యి. బాటిల్ మీద స్కెచ్‌పెన్‌తో సమానమైన గీతలు గీసి పొడి బొంబాయి రవ్వ పోసి వదులు, ఫోన్ వీడియో తియ్యి. గీతకి గీతకి మధ్య టైమ్ దాదాపు ఒకేలా వస్తుంది, బాటిల్ మెడ దగ్గరకొచ్చే దాకా. అదే బాటిల్లో నీళ్లు పోస్తే ప్రతి గీతకీ టైమ్ పెరుగుతూ పోతుంది. రవ్వ పొడిగా ఉండాలి, వర్షాకాలంలో మన ఊళ్లో డబ్బా తెరిచి పెట్టిన రవ్వతో చేస్తే దిగను గాక దిగను అంటుంది, అప్పుడు ప్రయోగం ఫెయిలయిందని అనుకోకు, పై జవాబులో అనకాపల్లి వాళ్ల తవుడు గురించి చెప్పిందే నీకు కళ్ల ముందు కనపడుతున్నట్టు.

ఇంకో సరదా కూడా ఉంది. రంధ్రం రెట్టింపు చేస్తే ఎంత వేగంగా దిగుతుంది? వైశాల్యం నాలుగింతలు కాబట్టి నాలుగింతలు అంటారు అందరూ. కాదు, ఐదున్నర రెట్లకి పైనే. 1961లో బెవర్లూ అనే ఆయనా సహచరులూ కొలిచి చెప్పిన సూత్రం ప్రకారం గింజల ప్రవాహం వ్యాసానికి రెండున్నర ఘాతంతో పెరుగుతుంది. రంధ్రం అంచు చుట్టూ సన్నటి మేర గింజ సరిగ్గా దిగదు, దాన్ని తీసేసి లెక్కపెట్టాలి, అందుకే చిన్న రంధ్రాలకి దెబ్బ ఇంకా ఎక్కువ. ప్రాజెక్టుకి ఇది చాలు, నాలుగు సైజుల మూతలు చేసుకో.

వైవాలో ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇంకో ముక్క. జాన్సెన్ లెక్క నిలబడి ఉన్న సరుకుకి. సరుకు దిగడం మొదలవగానే గోడల మీద ప్రెషర్ ఇంకా పెరుగుతుంది, అందులోనూ మూతి మధ్యలో కాకుండా ఒక పక్కకి ఉంటే గోడ ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ మోసి రేకు సైలోలు సొట్టబోయి కూలిన సందర్భాలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. పక్క నుంచి ఇంకో మూతి పెట్టేద్దాం అని సైట్లో ఎవరన్నా అంటే వద్దను.

ప్రశ్న: మా రొయ్యల చెరువులో ఆటో ఫీడర్ పెట్టాం. మోటార్ బాగానే తిరుగుతోంది కానీ మేత అంతా ఒక పక్కకే పోతోంది. గాలి వల్ల అనుకున్నాం, గాలి లేనప్పుడూ అంతే.
(రైతు, భీమిలి)

జవాబు: మేతని చుట్టూ విసిరే డిస్కు తిరగడం సరేనండీ, మేత గుళిక డిస్కు మీద ఎక్కడ పడుతోందో చూడండి. మధ్యలో పడాల్సింది ఓ రెండు వేళ్లు పక్కకి పడితే అది డిస్కుని వదిలే చోటు కూడా పక్కకి జరిగిపోతుంది, అప్పుడు చుట్టూ పడాల్సింది ఒక పక్కకే కుప్ప పడుతుంది. పై డబ్బా మూతి వంగిందా, తేలే స్టాండు ఒరిగిందా చూసుకోండి, వాలు లేకుండా సమంగా ఉందో లేదో చూపే స్పిరిట్ లెవెల్ పెట్టండి. దిగే గొట్టం లోపల పిండి పేరుకుపోయినా గుళిక అటు తన్నుకుని పక్కకి పడుతుంది, నెలకి రెండు సార్లయినా బ్రష్‌తో తుడవండి. మోటార్ మార్చొద్దు.

ప్రశ్న: బూడిద ఇటుకల యూనిట్ మాది. ఫ్లై యాష్‌ని గాలి పైపులో సైలోకి కొట్టుకుంటాం. రెండు సమస్యలు. ఒకటి, సైలో దగ్గరున్న బెండులు తొందరగా చిల్లులు పడుతున్నాయి, బ్లోయర్ దగ్గరవి మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. రెండు, ఒక పైపుని వై (Y ఆకారపు జాయింటు) పెట్టి రెండు సైలోలకి కలిపాం, ఒకటి నిండిపోతోంది ఇంకోదానికి గాలే పోతోంది.
(పరవాడ)

జవాబు: సింహాద్రి థర్మల్ కరెంటు ప్లాంటు బూడిద వాడేవాళ్ల దగ్గర్నుంచి ఈ బెండుల ప్రశ్న తరచూ వస్తూనే ఉంటుంది. బ్లోయర్ దగ్గర గాలి ఒత్తిడిలో ఉంటుంది, సైలో దగ్గరకొచ్చేసరికి ఒత్తిడి పోయి వ్యాకోచిస్తుంది. మొదట్లో గేజి ఒక బార్ (అంటే బయటి గాలి ఒత్తిడికి పైన ఇంకో అంత) చూపిస్తుంటే చివరికి గాలి ఘనపరిమాణం రెట్టింపు, పైపు సైజు ఒకటే కాబట్టి వేగం కూడా రెట్టింపు. సెకనుకి 15 మీటర్లతో బయలుదేరింది 30తో వచ్చి బెండుని గుద్దుతుంది. అరుగుదల వేగానికి వర్గం నుంచి ఘనం మధ్యలో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే అరుగుదల నాలుగు నుంచి ఎనిమిది రెట్లు. బూడిదలో సిలికా ఉంది, అది ఇసుక కాగితం పనే చేస్తుంది. చివరి బెండులు పోవడంలో ఆశ్చర్యమేముంది.

పైపు మధ్యలో ఒక సైజు పెంచండి, చివరి భాగం పెద్ద పైపు అయితే వేగం అదుపులో ఉంటుంది. చివరి రెండు మూడు బెండులకి పొడుగు బెండు బదులు ఒక పక్క మూసిన టీ పెట్టండి, మూసిన జేబులో బూడిద నిండిపోయి వచ్చే బూడిద ఆ బూడిదనే గుద్దుకుంటుంది, ఇనుము మిగులుతుంది. కాస్త ప్రెషర్ ఎక్కువ తింటుంది, పర్లేదు. డబ్బుంటే లోపల బసాల్టు గానీ సిరామిక్ గానీ పోత పోసిన బెండులు. వేగం తగ్గించమన్నా కదా అని బ్లోయర్ని మరీ తగ్గించెయ్యొద్దు, ఒక హద్దు దాటి తగ్గితే బూడిద పైపు అడుగున కూర్చుండిపోయి లైను మొత్తం బిగుసుకుంటుంది, అప్పుడు పైపు విప్పి సుత్తులతో దిగాల్సిందే, సుత్తి గురించి నా అభిప్రాయం పైన చెప్పేశా.

రెండోది, వై. గాలి రెండుగా చీలుతుంది, బూడిద చీలదు. బెండు తిరిగినప్పుడు బూడిదంతా బయటి గోడకి కొట్టుకుని ఒక తాడులా ఆ గోడ వెంబడే పోతుంటుంది. వెంటనే వై వస్తే ఆ తాడు ఎటువైపు ఉంటే ఆ సైలోకి బూడిద, రెండోదానికి గాలి. మీ వై బెండు పక్కనే ఉంది కదూ? చూడకుండానే పందెం కాస్తా. బెండుకి వైకి మధ్య పొడవాటి నిలువు పైపు, అదీ పైకి పోయేది, పెడితే కొంత సర్దుకుంటుంది గానీ ఖచ్చితంగా సగం సగం రాదు. మీకు సగం సగం అవసరమే లేదు నిజానికి. డైవర్టర్ వాల్వు పెట్టి ఒకటి నిండాక ఇంకోదానికి తిప్పుకోండి, హాయిగా ఉంటుంది.

ఒకే పొడిని ఒకేసారి చాలా గొట్టాలకి సమానంగా పంచక తప్పని చోటు ఉక్కు కర్మాగారంలో ఉంది, బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి (ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమిలోకి) బొగ్గు పొడి కొట్టేచోట. ఫర్నేస్ చుట్టూ ఉన్న ప్రతి నాజిల్‌కీ పొడి సమానంగా అందకపోతే ఒక పక్క వేడి, ఒక పక్క చల్లదనం వస్తుంది. అక్కడ డిస్ట్రిబ్యూటర్ నిలువుగా నిలబెట్టి, డిస్ట్రిబ్యూటర్‌కి దగ్గరున్న నాజిల్ అయినా దూరంగా ఉన్నదైనా ప్రతి గొట్టంలో నిరోధం ఒకేలా ఉండేలా చూసుకుంటారు, దగ్గరదానికి కావాలని పొడవు గొట్టం చుట్టి తెచ్చేది అందుకే. ఇటుకల యూనిట్‌కి అంత తతంగం ఎందుకు చెప్పండి.

ప్రశ్న: మా ఆయన స్టీల్‌ప్లాంటులో చేస్తారు. ఇంటికొచ్చాక కూడా చ్యూట్ తిరగలేదు, చ్యూట్ యాంగిల్ మార్చాలి అని ఫోన్లో అదే గోల. ఏమిటండీ ఆ చ్యూట్, అంత ముఖ్యమా?
(ఉక్కునగరం)

జవాబు: ముఖ్యమేనమ్మా, ఆయన్ని ఏమీ అనకండి. మన విశాఖ ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి కదా, వాటి నెత్తి మీద లోపల ఒక వాలు తొట్టి వేలాడుతూ ఉంటుంది, అదే చ్యూట్. అది గుండ్రంగా తిరుగుతుంది, తిరుగుతూ వంపు కూడా మార్చుకుంటుంది. పైనుంచి కోకు (గాలి తగలకుండా కాల్చి గట్టిపరచిన బొగ్గు), ఇనుప ఖనిజం ఒకదాని తర్వాత ఒకటి దిగుతుంటే దాన్ని గోడ పక్కన ఇంత, మధ్యలో ఇంత అని వలయాలు వలయాలుగా పరుస్తుంది. పూర్వం గంట ఆకారంలో ఉండే మూతలు దించి సరుకు పడేసేవారు, అప్పుడు ఎక్కడ పడితే అక్కడే. లక్సెంబర్గుకి చెందిన పాల్ వుర్త్ కంపెనీ 1970ల్లో ఈ గంటల్లేని పద్ధతి తెచ్చింది, మన ప్లాంటు మొదటి నుంచీ దాంతోనే కట్టారు.

ఎందుకింత జాగ్రత్త అంటే కింది నుంచి వేడి గ్యాసు పైకి వస్తుంటుంది. కోకు గడ్డలు పెద్దవి, వాటి సందుల్లోంచి గ్యాసు సులువుగా పోతుంది, ఖనిజం పొర దట్టంగా ఉంటుంది. గోడ పక్కన కోకు ఎక్కువ పడిందనుకోండి, గ్యాసంతా గోడ వెంబడే ఎగబాకి గోడని కాల్చేస్తుంది, మధ్యలో సరుకు సరిగ్గా ఉడకదు. పైగా కుప్ప పోసినప్పుడు పెద్ద గడ్డలు దొర్లి అంచుకి పోతాయి, నలుసు పడ్డచోటే ఉండిపోతుంది. చ్యూట్ వంపు ఒక్క మెట్టు మారితే కుప్ప శిఖరం జరుగుతుంది, ఏది ఎటు దొర్లాలన్నది మారిపోతుంది. మీ ఆయన రాత్రి పూట ఫోన్లో ఆ యాంగిల్ గురించి మాట్లాడుతుంటే అర్థం అదే.

అదే ఫర్నేస్ కింద ఇంకో వింత ఉంది, మీరడగలేదు గానీ నాకు ఇష్టం కాబట్టి చెప్తున్నా. వేడి గాలి లోపలికి పోయేది చుట్టూ ఉన్న ట్వియర్లు అనే నాజిళ్లలోంచి. ఆ గాలి 1100, 1200 డిగ్రీలు. ఆ నాజిళ్లు చేసింది రాగితో. రాగి కరిగేది 1085 దగ్గర! మరి ఎలా నిలబడింది? లోపల బోలుగా ఉండి నీళ్లు ఆపకుండా తిరుగుతుంటాయి, రాగి వేడిని చకచకా నీళ్లకి అందించేస్తుంది కాబట్టి తాను కరిగేంత వేడెక్కదు. వేడి తట్టుకునే లోహం ఏదో పెట్టాల్సింది పోయి వేడిని తొందరగా వదిలించుకునే లోహం పెట్టారు. నీళ్లు ఆగితే మాత్రం ఎంతోసేపు పట్టదు.

ప్రశ్న: స్ప్రే నాజిల్ మూసుకుపోతే సూదితో పొడిచి శుభ్రం చేస్తున్నాం. తప్పా? ఇత్తడివి కొనాలా సిరామిక్‌వి కొనాలా?
(గాజువాక)

జవాబు: తప్పే. సూది రంధ్రం అంచుని గీరేస్తుంది, స్ప్రే ఒక పక్కకి తిరిగిపోయి చారలు పడతాయి. గోరువెచ్చటి సబ్బు నీళ్లలో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో తోమండి, వెనక నుంచి గాలి కొట్టండి, నోటితో మాత్రం ఊదొద్దు ఏ మందు ఉందో ఏమో. మాటిమాటికీ మూసుకుపోతుంటే నాజిల్‌ని కాదు, దానికి ముందున్న జల్లెడని చూడాలి, అది చిరిగి ఉంటుంది లేదా ఎవరో తీసి పక్కన పడేసి ఉంటారు. పల్చటి శుభ్రమైన ద్రవమైతే ఇత్తడి చాలు, పొడి కలిసినది స్ప్రే చేస్తే ఇత్తడి తొందరగా అరిగిపోద్ది, స్టెయిన్‌లెస్ నయం, సిరామిక్ ఇంకా నయం గానీ కింద పడేస్తే పగిలిపోద్ది. అదే ప్రెషర్ దగ్గర కొత్తదానికంటే పది శాతం ఎక్కువ నీళ్లు వస్తుంటే అరిగిపోయినట్టే, మార్చేయండి, అదీ ఒక్కటి కాదు, ఆ వరసలో ఉన్నవన్నీ కలిపి.